మూడు వాతలు

నేను అనుమానం మనిషిని. ఈ మాట మా ఆవిడ పద్మకుమారి పెళ్లయిన మూడో నెలలోనే అంది. ఒప్పుకోవడానికి నాకు పాతికేళ్లు పట్టింది. అయినా ఆర్టీసీలో ఇరవై ఎనిమిదేళ్లు కండక్టరుగా చేసినవాడికి అనుమానం జబ్బెలా అవుతుంది? అది పనిముట్టు. బస్సెక్కినవాడి మొహం చూసి టికెట్ తీస్తాడో ఎగ్గొడతాడో చెప్పగలను. ఐదేళ్లు నిండిన పిల్లాణ్ని ఒళ్లో ముడుచుకుని కూర్చున్న తల్లి ఎటు చూస్తుందో, గడువు తీరిన పాసు చూపించే కాలేజీ కుర్రాడు బొటనవేలు ఎక్కడ అడ్డం పెడతాడో నాకు తెలుసు. పాతపట్నం రూట్లో ఈ తిరుమలరావు డ్యూటీ అంటే జనం ఎక్కకముందే చిల్లర తీసి పట్టుకుంటారు.

అలాంటి నా దగ్గరికి జూన్ నెలలో ఒక మధ్యాహ్నం మా రేఖ ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఒక్కతే కూతురు. పద్దెనిమిదేళ్లు. ఇంటర్ ఎంపీసీ అప్పుడే పాసైంది.

“నాన్నా, సీటొచ్చీసింది! పైలట్ కోర్సుకి.”

“ఎవుడు సెప్పాడు?”

“కాలేజీ వోళ్లు. మెయిల్ ఎట్టారు.”

“అడక్కుండా ఆళ్లకి ఆళ్లే ఎట్టారేటి?”

“టెస్టు రాశాను గదా నాన్నా. ఇంటర్వ్యూకి నువ్వే తీసుకెల్లావు.”

నిజమే, నేనే తీసుకెళ్లాను. బయట బెంచీ మీద రెండు గంటలు కూర్చుని, లోపలికి ఎంతమంది వెళ్లారో, ఎంతమంది నవ్వుతూ వచ్చారో లెక్కపెట్టాను కూడా. మూడేళ్ల డిగ్రీ, దాంతోపాటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకి శిక్షణ. భోగాపురంలో విమానాశ్రయం మొదలైన దగ్గర్నుంచీ మా జిల్లాల్లో పిల్లలందరికీ చూపు పైకే ఉంది. ఆ కాలేజీ విజయనగరం అవతల ఉంది. పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే ఏమంటారోనని అదొక అనుమానం.

మెయిల్లో వచ్చిన ఉత్తరంలో ఒక షరతు ఉంది. జూలై ఇరవయ్యో తారీఖులోగా విమానయాన శాఖ గుర్తించిన డాక్టరు దగ్గర మెడికల్ పరీక్ష చేయించుకుని, ఆరోగ్యం సరిగ్గా ఉందని సర్టిఫికెట్ తేవాలి. తేకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతి వాళ్లకి వెళ్లిపోతుంది. రేఖ ఆ తారీఖుని క్యాలెండరులో ఎర్ర పెన్నుతో చుట్టింది. నేను మాత్రం మర్నాడే సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా కాలేజీకి బయల్దేరాను.

గేటు దగ్గర వాచ్‌మన్ని అడిగాను, జీతం నెలనెలా వస్తోందా అని. వస్తోందన్నాడు. క్యాంటీన్లో టీ తాగుతూ పాలు ఎవరు పోస్తారో, బాకీలేమైనా ఉన్నాయో కనుక్కున్నాను. లేవన్నారు. అడ్మిషన్ల మేడం నన్ను ఒక గదిలోకి తీసుకెళ్లి విమానం ముందు భాగంలాంటి దాన్ని చూపించింది. దాంట్లో కూర్చుంటే ఎదురుగా తెర మీద రన్‌వే కనిపిస్తుంది.

“ఇది ఎగురుద్దా?” అన్నాను.

“ఇది సిమ్యులేటర్ సార్. నేల మీదే నేర్చుకోవడానికి.”

“మరి ఎగిరేదెక్కడ?”

“రెండో ఏడాదిలో ఫ్లయింగ్ స్కూల్‌కి పంపిస్తాం సార్. నిరుడు పదకొండు మంది వెళ్లారు. కావాలంటే వాళ్ల నాన్నల నంబర్లు ఇస్తాను.”

ఇచ్చింది. పదకొండు మందికీ ఫోన్ చేశాను. పదిమంది బాగుందన్నారు. పదకొండో ఆయన, గరివిడి ఫ్యాక్టరీలో పనిచేస్తాడట, “మీరు పోలీసులా?” అని ఫోన్ పెట్టేశాడు. ఇంటికొచ్చి చెబితే పద్మ నవ్వలేదు సరికదా, విసుక్కుంది.

“పచ్చకామెర్లోడికి లోకమంతా పచ్చగానే అగుపడతాదట. అన్నీ బాగున్నాయి గదా బావా, ఇంకేటి నీ అనుమానం?”

“అన్నీ ఇంత బాగున్నాయేటని.”

పద్మ నా మేనత్త కూతురు. చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుస్తుంది, చిన్నప్పటి నుంచీ నా మీద విసుక్కుంటూనే ఉంది. కాని ఆ వారం ఆమె విసుగులో ఏదో తేడా ఉంది. కాలేజీ మీద నా అనుమానం తగ్గేకొద్దీ ఇంట్లోవాళ్ల మీదికి మళ్లడం మొదలైంది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి తల్లీకూతుళ్లు మాట ఆపేసేవారు. పద్మ పెరట్లో బట్టలు ఆరేస్తూ వాళ్లమ్మకి ఫోన్ చేసేది, నన్ను చూడగానే “ఉంటానమ్మా” అని పెట్టేసేది. రేఖ మెడికల్ ఫారం నింపుతూ నేను పక్కకి రాగానే పుస్తకం కింద పెట్టేసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లని రోజూ చూసే వాణ్ని, నా ఇంట్లో చూస్తే పోల్చుకోలేనా? పిల్లకి ఎవడైనా కుర్రాడితో స్నేహం కుదిరిందేమో, ఇంటర్వ్యూకి వచ్చినవాడేమో అనుకున్నాను. రేఖ ఫోను రెండుసార్లు రహస్యంగా చూశాను. విమానాల వీడియోలు తప్ప ఏమీ లేవు. చూసినందుకు సిగ్గుపడలేదు, దొరకనందుకు చిరాకుపడ్డాను.

జూలై ఎనిమిదిన ముగ్గురం విశాఖపట్నం వెళ్లాం. డాక్టరు పెద్దాయన, ఒకప్పుడు వైమానిక దళంలో చేశాడట. కళ్లు చూశాడు, చెవులు చూశాడు, రంగుల చుక్కల పుస్తకం ముందు పెట్టి అంకెలు చదివించాడు. అన్నీ బాగానే చదివింది. తర్వాత రేఖని పద్మతో సహా తెర వెనక బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు. నేను ఇవతల కుర్చీలో కూర్చున్నాను.

“బొడ్డు చుట్టూ ఈ మూడు మచ్చలేమిటమ్మా? కాలినట్టున్నాయే.”

ఇవతల నుంచి నేనే అందుకున్నాను.

“వాతలండీ. మా అత్త పెట్టింది. పిల్లకి మూడేళ్లప్పుడు పచ్చకామెర్లు వస్తే పసుపుకొమ్ము కాల్చి పెట్టింది. మా వైపు పాతకాలం వాళ్లకి అదొక పిచ్చి.”

ఆ కథ నాకు కొట్టినపిండి. పద్మ అప్పుడు పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్లింది. మూడు రోజుల తర్వాత తీసుకొస్తే బట్టలు మార్చేటప్పుడు చూశాను, లేత పొట్ట మీద మూడు పుళ్లు. ఆ రోజే మా అత్త లక్ష్మణమ్మ ఇంటికి వెళ్లి, వీధిలో నిలబడి, నా గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానని అరిచి వచ్చాను. మా నాన్నకి సొంత చెల్లెలు. పదిహేనేళ్లుగా ఆమె మా గడప తొక్కలేదు, నేను వాళ్ల ఊరి గడప తొక్కలేదు.

డాక్టరు తెర పక్కకి తీసి బయటికి వచ్చాడు. వెనకాల పద్మ. ఆమె మొహం చూశాను. టికెట్ లేనివాడు చెకింగ్ ఇన్‌స్పెక్టరు ఎక్కగానే కిటికీలోంచి పొలాలు చూస్తాడు చూడండి, సరిగ్గా అలా గోడ మీద బొమ్మ చూస్తోంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ మొహాన్ని ఒక్కసారి కూడా వదిలిపెట్టలేదు నేను.

“పద్మా, ఏటది?” అన్నాను.

రేఖే డాక్టరు ముందుకొచ్చి నిలబడింది.

“పచ్చకామెర్లు కాదు సార్. ఫిట్స్. మూడేళ్లప్పుడు ఒకసారి వచ్చాయట. ఫారంలో అడిగారని అమ్మని అడిగితే పోయిన వారం చెప్పింది.”

“ఫారంలో లేదని టిక్ పెట్టావే?”

“పెన్సిల్‌తో పెట్టాను సార్. లేదనే రాయమంది అమ్మ. ఇక్కడికొచ్చాక ఏది రాయాలో చూసుకుందామనుకున్నాను.”

బల్ల మీది రబ్బరు అడిగి తీసుకుంది. టిక్ చెరిపి, పక్క గడిలో పెన్నుతో పెట్టింది.

డాక్టరు కోప్పడలేదు. “మూర్ఛ జబ్బయితే జన్మలో విమానం నడపనివ్వరమ్మా. దాచి, తర్వాత ఎప్పుడో బయటపడితే అంతకన్నా ఘోరం. చిన్నపిల్లలకి జ్వరం తలకెక్కి ఒక్కసారి వచ్చే ఫిట్స్ వేరు. అది జబ్బు కాదు. నీది ఏ రకమో న్యూరాలజిస్టు తేల్చాలి. రిపోర్టు తెస్తే సంతకం చేస్తాను,” అన్నాడు.

తిరుగు బస్సులో నేను ఊరుకోలేదు. పదిహేనేళ్లు నాకు తెలియకుండా దాచారన్నదే నన్ను కాల్చేస్తోంది, పిల్ల సీటు సంగతి తర్వాత. శ్రీకాకుళం దాటేదాకా అడుగుతూనే ఉన్నాను. ఎందుకు దాచావు, ఇంకేం దాచావు, ఎవరెవరికి తెలుసు? పద్మ చివరికి ఒక్కటే అంది.

“నీకు సెప్తే ఆర్నెల్లు అడిగిందే అడుగుతావు బావా. నాకంత ఓపిక నేదు.”

రేఖ నా వైపు తిరిగింది. “నువ్వు అడిగితే సెప్దుము నాన్నా. నువ్వు అడగవు, పట్టుకుంటావు.”

ఇరవై ఎనిమిదేళ్లుగా బస్సులో ఎంతమంది ఎన్ని తిట్టినా తగలని దెబ్బ అది. నోరు మూసుకున్నాను.

విశాఖపట్నంలోనే దొరికిన న్యూరాలజిస్టు ఒకావిడ, నడివయసు మనిషి. తలకి వైర్లు అంటించి పరీక్ష చేయించింది, స్కానింగ్ తీయించింది. రెండూ బాగానే ఉన్నాయి. కాని ఆవిడ పెన్ను కదపలేదు.

“పరీక్షలు బాగుంటే చాలదండీ. ఆ రోజు ఏం జరిగిందో నాకు కావాలి. ముందు జ్వరం వచ్చిందా, ఫిట్స్ వచ్చాక ఒళ్లు వేడెక్కిందా? రెండు పక్కలా కొట్టుకుందా, ఒక పక్కేనా? ఎన్ని నిమిషాలు? ఐదు నిమిషాలా, అరగంటా? ఆస్పత్రి కాగితం ఉందా?”

కాగితం లేదు. పద్మ కూడా చూడలేదు. ఆ రోజు ఊరి ఆడవాళ్లతో కలిసి శ్రీకూర్మం దర్శనానికి వెళ్లిందట, పిల్లని తల్లి దగ్గర వదిలి. సాయంత్రం తిరిగొచ్చేసరికి వాతలు పెట్టేసి ఉన్నాయి. పిట్సు వచ్చాయి, మీ ఆయనకి సెప్పకు, పచ్చకామెర్లని సెప్పు అందట వాళ్లమ్మ.

“అయితే చూసిన మనిషి ఆవిడొక్కతే. ఆవిణ్నే తీసుకురండి. చెప్పేదాంట్లో పొంతన ఉండాలి సుమండీ. అనుమానం ఉంటే నేను రాయను.”

అప్పటికి జూలై పద్నాలుగు.

పద్మ ఫోన్ చేస్తే వాళ్లమ్మ, “నాకేటీ గేపకం నేదు, నన్నడక్కండి” అని పెట్టేసింది. రేఖ చేసింది. అదే జవాబు. వాతలు పెడితే పోలీసు కేసవుతుందని ఆశా వర్కరు ఊళ్లో చెప్పిందట. అల్లుడు పాత పగ తీర్చుకోవడానికి కాగితం మీద వేలి నిశాని వేయించుకుంటాడని ముసలామెకి భయం. నన్ను మించిన అనుమానం మనిషి మా వంశంలో ఇంకొకరున్నారని అప్పుడు తెలిసింది. వెళ్లవలసింది నేనే.

వాళ్ల ఊరు చినగొట్టిపల్లి, నేను రోజూ తిరిగే రోడ్డుకి లోపలగా పొలాల మధ్య ఉంటుంది. మర్నాడు పొద్దున్న వెళ్లేసరికి మా అత్త అరుగు మీద చేటతో జీడిపిక్కలు ఎండబోస్తోంది. డెబ్బై దాటాయి. నన్ను చూసి లేవలేదు.

“ఏటి ఇలగొచ్చావు?”

“నీతో పనుండి అత్తా.”

“నాతో ఏటి పని? గడప తొక్కితే కాళ్లిరగ్గొడతానన్నావు. ఇది నా గడప. ఇరగ్గొట్టమంటావేటి?”

నేను కూర్చున్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది? తిన్నగా అడక్కుండా చుట్టూ తిప్పాను. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి కదూ అన్నాను. గేపకం నేదంది. పిల్లకి అప్పుడు జ్వరం వస్తే ఏ మందు వేశావన్నాను. ఏ పిల్లకి అంది. వాతలు పెట్టినప్పుడు పక్కింటి వాళ్లెవరైనా ఉన్నారా అని మెల్లిగా వదిలాను. ఆమె పిక్కలు తిరగేయడం ఆపి నా జేబు వైపు చూసింది. అక్కడ మడిచిన కాగితం, పెన్ను ఉన్నాయి.

“వాతలు నాను ఎట్టనేదు. ఎవులెట్టారో నాకు తెల్దు. నిశాని ఎయ్యను. ఎల్లిపో.”

అంతే. ఇంకేం అడిగినా చెవిటిదానిలా కూర్చుంది. అరగంట గడిచింది. జేబులోంచి కాగితం తీశాను, పెన్ను తీశాను. రెండూ ఆమె చేటలో పడేశాను.

“నాను కేసెట్టడానికి రానేదు. రేఖకి ఇమానం తోలే సదువులో సీటొచ్చింది. ఆ రోజు ఏటయిందో నువ్వు డాట్రమ్మకి సెప్తేనే సీటు ఉంటాది. నేకపోతే పోతాది. ఇంకో ఐదు రోజులే. అడుగుతన్నానత్తా, సెప్పు.”

అడుగుతన్నాను అన్న మాట నా నోట్లోంచి వచ్చినప్పుడు నాకే కొత్తగా ఉంది. మా అత్త చేటలోంచి కాగితం తీసి అరుగు మీద పెట్టింది.

“గుంట నిజంగా ఇమానం తోలుతాదేటి?”

“నువ్వు సెప్తే.”

అప్పుడు చెప్పింది. తెల్లారి లేచేసరికే పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోందట. గంజి ఇస్తే కక్కేసింది. ఎండెక్కాక ఒడిలో ఉండగానే కళ్లు తేలేసింది, రెండు చేతులూ రెండు కాళ్లూ కొట్టుకున్నాయి. మూతి బిగుసుకుపోయింది.

“ఎంతసేపు అత్తా? అదే కావాలి.”

“గడియారం సూసుకుంటానేటిరా? సీర సెంగులో సుట్టీసి, బుజం మీదేసుకుని రోడ్డుకి పరిగెట్టాను. రోడ్డు మీదకెల్లేతలికి కొట్టుకోడం ఆగిపోయింది. నిద్దరోయింది.”

అంటే ఇంటి నుంచి రోడ్డు దాకా పరుగు ఎంతసేపో అంతసేపు. నేను లేచి ఫోన్లో గడియారం పెట్టుకున్నాను. మా అత్త ఆపింది.

“ఉత్తి సేతుల్తో పరిగెడితే ఏటి తెలుస్తాది? గుంట బరువుండాలి.”

లోపలికెళ్లి జీడిపిక్కల సంచి ఒకటి తెచ్చి, పాత చీరలో చుట్టి నా భుజం మీద వేసింది. యాభై అయిదేళ్లవాణ్ని, ఖాకీ ప్యాంటుతో, పొలంగట్టు మీద పరుగెత్తాను. నాట్లు వేస్తున్న ఆడవాళ్లు నడుం ఎత్తి చూసి నవ్వారు. రోడ్డెక్కేసరికి నిమిషాలు మూడు, సెకన్లు ఇరవై. డాక్టరమ్మ చెప్పిన ఐదు లోపలే. నాకు ఎక్కడలేని సంతోషం వేసింది. వెనకాల మా అత్త నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది.

“అత్తా, అంతా బాగున్నాది. ఒక్కటే అడుగుతాది ఆవిడ. రోడ్డు దాకా వచ్చినదానివి ఆస్పత్రికేల తీసుకెల్లనేదు? పాతపట్నం ఎంత దూరం? మళ్లీ ఇంటికి తీసుకెల్లి వాతలేల ఎట్టావు?”

“బస్సు ఆగనేదు.”

“ఏ బస్సు?”

“ఏదో బస్సు. తరవాత బస్సు మద్దేనం. గుంటకి మళ్లీ వస్తాదేమోనని బయ్యం. మా అమ్మ మాకు ఎట్టిందే నాను ఎట్టాను.”

ఎండెక్కాక, మధ్యాహ్నం బస్సుకి ముందు ఆ రోడ్డు మీద ఒకటే సర్వీసు, పది నలభై బస్సు. ఆ ఏడంతా దాని మీద డ్యూటీ నాది.

అక్కడే నిలబడిపోయాను. నాకు గుర్తుంది. బాగా గుర్తుంది. దానికి వారం ముందు మా అత్త నా బస్సెక్కి, “అల్లుడి బస్సుకి నాకు టికెట్టేటి?” అని అందరి ముందూ పకపకా నవ్వింది. నేను టికెట్ కొట్టి నా డబ్బులు వేసుకున్నాను. బస్సంతా నవ్వింది. ఆ వారమంతా కుతకుతలాడుతున్నాను. తర్వాత ఒకరోజు, పొలంగట్టు మీద చెయ్యి ఊపుతూ, భుజం మీద మూటతో ఆమె పరుగెత్తుకు రావడం కిటికీలోంచి చూశాను. మళ్లీ ఉచిత ప్రయాణం, పైగా లగేజీ కూడానా అనుకున్నాను. డ్రైవరు బ్రేకు మీద కాలు వేశాడు. ఆపొద్దు, పొమ్మని నేను డబుల్ బెల్ కొట్టాను. నా కూతురు ఆ ఊళ్లోనే ఉందని తెలుసు నాకు. అయినా ఆ మూట ఏమిటన్న అనుమానం రాలేదు. లోకంలో అన్నిటి మీదా వచ్చింది, దాని మీద మాత్రం రాలేదు.

“నన్ను సూశావా ఆ రోజు?” అన్నాను.

“అగుపడ్డావు. మొకం తిప్పుకున్నావు.”

“మరి ఇన్నాళ్లూ ఏల సెప్పనేదు? వీదిలో అన్ని మాటలన్నాను గదా!”

“సెప్తే ఏటవుతాది? గుంట మీద పేనం ఎట్టుకున్నోడివి, నువ్వు బతుకుతావేటి? పద్మ నీతో కాపరం సేస్తాదేటి? గుంట బాగున్నాది గదా, నన్ను తిట్టుకుంటే తిట్టుకుంటావని ఊరుకున్నాను.” నా భుజం మీద సంచి దించుకుని ఇంటివైపు తిరిగింది. “డాట్రమ్మకాడికి వస్తాను గాని, ఆ బస్సు మాట ఎత్తకు. అక్కడ గుంట ఉంటాది.”

పదిహేడున నలుగురం ఆ డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. మా అత్త బాగా చెప్పింది. జ్వరం ముందు, ఫిట్స్ తర్వాత. రెండు పక్కలా. రోజుకి ఆరు బస్సులు తిరిగే ఆ రోడ్డు దాకా పరుగు లెక్క నేను చెప్పాను, మూడు నిమిషాల ఇరవై సెకన్లు. ఆవిడ చక్కగా రాసుకుంటూ పోయింది. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ రాలేదని పద్మ చెప్పింది. ఆఖర్న ఆవిడ అడగనే అడిగింది.

“రోడ్డు దాకా వచ్చి ఆస్పత్రికి ఎందుకు వెళ్లలేదమ్మా?”

“ఆ రోజు బస్సులు నేవు తల్లీ,” అంది మా అత్త, చటుక్కున.

“రోజుకి ఆరు బస్సులు తిరిగే రోడ్డని ఇందాకే అన్నారు కదా?”

“సమ్మె అనుకుంటాను.”

“సమ్మెలో మీ ఊరి ఆడవాళ్లంతా శ్రీకూర్మం ఎలా వెళ్లారు?”

మా అత్త నేల చూసింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. నలుగురినీ వరసగా చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు, అది నా చూపే. ఒక్క అబద్ధం దొరికితే మిగతావన్నీ అబద్ధాలేనని లెక్క. అంతా కూడబలుక్కుని వచ్చామనుకుంటోంది. జ్వరం మాటా, మూడు నిమిషాల మాటా అన్నీ పోతాయి. రేఖ రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని కూర్చుంది, అమ్మమ్మ ఎందుకలా అంటోందో తెలియక.

“బస్సు వచ్చిందండీ,” అన్నాను. “ఆవిడ పిల్లని భుజాన వేసుకుని చెయ్యెత్తింది. ఆపలేదు. ఆ బస్సులో కండక్టర్ని నేనే. మూట అనుకున్నాను. టికెట్ తియ్యదని ఆపలేదు.”

పద్మ చేత్తో నోరు మూసుకుంది. డాక్టరమ్మ పెన్ను తీసుకుని రాయడం మొదలుపెట్టింది. రెండు పేజీలు రాసి, ముద్ర కొట్టి, రేఖ చేతికి ఇచ్చింది.

“జ్వరం వల్ల ఒక్కసారి వచ్చిన ఫిట్స్. మూర్ఛ జబ్బు కాదు. విమానం నడపడానికి నా వైపు నుంచి అభ్యంతరం లేదని రాశాను. మీ మెడికల్ డాక్టరుకి ఇది చాలమ్మా.”

బయట వరండాలో పద్మ వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని గట్టిగా ఏడ్చేసింది. నా వైపు చూడలేదు. రేఖ ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది, జాగ్రత్తగా మడిచింది. నా దగ్గరికి వచ్చి నిలబడింది. తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“నాన్నా, ఒకటి అడుగుతాను.”

“అడుగమ్మా.”

“ఆ రోజు బస్సు నిండా జనం ఉన్నారా?”

అవునని ఒక్క మాట అంటే చాలు. ఆ పిల్ల నమ్మాలనే అడుగుతోంది, ఆ అవును వినాలనే ఎదురుచూస్తోంది. ఆ మొహం కూడా నాకు తెలుసు.

“నేదమ్మా,” అన్నాను. “సగం సీట్లు కాళీయే.”

రేఖ తలూపింది. పదండి, మెడికల్ డాక్టరు వెళ్లిపోతాడంటూ వాళ్లమ్మమ్మ చెయ్యి పట్టుకుని ముందు నడిచింది.